స్టార్టయ్యే కారును తోసుకెళ్లిన వైనం

కార్లు కూడా మనుషుల్లాగే చలికి ముసుగుతన్ని పడుకుని, లేపితే విసుక్కునే కాలం ఒకటి ఉండేది. ఇప్పటి కార్లకు ఆ పౌరుషం లేదు. మీట నొక్కితే చాలు, నోరెత్తకుండా బయల్దేరిపోతాయి. లేచాయో లేదో కూడా మనకు తెలియదు. అందుకే మా పెదనాన్న కారు ఎలా నిద్రలేచేదో చెబితే ఈనాటి పిల్లలు నమ్మరు. (గోరంతను కొండంత చేస్తానని మా వాళ్లలో నాకు ఎలాగూ పేరుంది. కానీ ఈ ఒక్క సంగతిలో కొండే కొండగా వచ్చింది, నా చెయ్యి పడలేదు.)

పెదనాన్న కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌లో వించి నడిపి రిటైరైన మనిషి. ఓడల్లోంచి ఇనుము పైకి లాగే ఆ యంత్రం పక్కన ఉద్యోగమంతా కూర్చోవడం వల్ల ఆయన వినికిడిలో ముప్పాతిక వంతు అక్కడే ఉండిపోయింది. మిగిలిన పావు వంతుతో పాస్టరుగారి ప్రసంగాన్నీ, పెద్దమ్మ సణుగుడునీ తనకు కావలసినంత మేరకే వినేవాడు. రిటైరయ్యాక, గుండ్రటి బానెట్ ఉన్న ఒక పాత తెల్లకారు కొని వాట్‌గంజ్‌లో మా సందు చివర నిలబెట్టాడు. వర్షాకాలమంతా అది బుద్ధిగానే ఉంది. డిసెంబరు వచ్చి, కలకత్తా యావత్తూ మంకీ టోపీల్లో దూరిన మొదటి ఉదయం పెదనాన్న తాళం తిప్పాడు.

ఆ మోత ఎలా ఉండేదని అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ముందు భూమి అడుగున ఎవరో లంగరు గొలుసు ఈడుస్తున్నట్టు ఒక గుర్రు. దాని మీద సన్నగా ఒక కూత లేచేది. అది పైకి, ఇంకా పైకి పోయి, ఇక చాలించుకుంటుందని మనం ఊపిరి వదిలేలోపు ఇంకో మెట్టెక్కేది. సందులో పావురాలన్నీ లేచి గంగ దాటి హౌరా వైపు వెళ్లిపోయేవి. ఒకసారి రేవులోంచి ఏదో స్టీమరు దీనికి బదులు పలికిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. తిట్టడానికని బాల్కనీల్లోకి వచ్చినవాళ్లు తిట్టు నోట్లోనే పెట్టుకుని, కొండమీద ఉరుమును విన్నట్టు నిలబడిపోయేవారు. ఇంజను కాస్త వేడెక్కగానే అంతా మాయం. ఆ తర్వాత సాయంత్రం దాకా కారు పిల్లిపిల్లలా తిరిగేది.

మోత సంగతి తెలియనివాడు వాట్‌గంజ్ మొత్తంలో పెదనాన్న ఒక్కడే.

"ఏటి శబ్దం? నాకేటీ ఇనబడ్నేదే! మీ చెవుల్లోనే ఏటో అయినాది, డాక్టరుకి సూపించుకోండి" అనేవాడు, స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని.

ఇది ఇలాగే సాగిపోయేదేమో గానీ, ఆ నెలలోనే ఒక శనివారం ఉదయం అక్క పెళ్లి. అక్క అంటే పెదనాన్న ఒక్కగానొక్క కూతురు, ఆసుపత్రిలో నర్సు. కూతుర్ని తన కారులో, తన చేత్తో నడుపుకుంటూ చర్చికి తీసుకెళ్లాలని పెదనాన్న కోరిక. కారు కొన్నదే అందుకు. అక్కేమో ససేమిరా అంది.

"ఆ కారెక్కితే పెళ్లికూతుర్లా కాదు నాన్నా, అంబులెన్సులో పేషెంటులా ఎల్తాను. నాను టాక్సీలో ఎల్లిపోతాను."

ఆ పూట పెదనాన్న చేపల పులుసు ముట్టలేదు. అలాంటిది మా వంశంలోనే జరిగి ఎరగదు. తండ్రి ముఖం చూసి అక్క కొంచెం దిగొచ్చింది. మెకానిక్ బాగుచేస్తే ఎక్కుతానంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మెకానిక్ ఉండేది భవానీపూర్‌లో. బెంగాలీ వాళ్ల లెక్కన అందరికీ దాదా, అంటే అన్న. వాట్‌గంజ్ నుంచి అక్కడికి చేరేసరికి ఇంజను వేడెక్కి మోత పోయేది. దాదా బానెట్‌కు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "కోయ్ శబ్దో? ఎక్కడుంది?" అనేవాడు. "నానూ అదే అంట!" అని పెదనాన్న పొంగిపోయేవాడు. చెవితో వినందే స్పానర్ పట్టనని దాదా నియమం. ఇళ్ల చుట్టూ తిరగడానికి నేనేమైనా కంపౌండరునా, కారును చల్లగా ఉండగా తీసుకురండి అన్నాడు. (రాత్రికి గ్యారేజీలోనే వదిలేయొచ్చు కదా అని మీకు తోచే ఉంటుంది. గ్యారేజీ అంటే ఒక రేకుల కప్పు, దాని ముందు ఫుట్‌పాత్. అక్కడ కారు వదిలితే పొద్దున్నకు చక్రాలుండవని పెదనాన్న భయం.)

"అయితే స్టార్టు సేయకుండానే తీసుకెల్దాం" అంది అక్క.

శుక్రవారం తెల్లారి, పొగమంచులో, బ్రహ్మాండంగా నడిచే కారును మేం తోసుకుంటూ బయల్దేరాం. పెదనాన్న స్టీరింగు దగ్గర. వెనక నేనూ, చర్చి కోయిర్ కుర్రాళ్లూ, పై వాటా బెంగాలీ ట్యూషన్ మాస్టారూ, గోరింటాకు పండిన చేతులతో అక్కా. ఖిదిర్‌పూర్ కూడలి దగ్గర ట్రాఫిక్ సార్జెంటు ఆపాడు.

"స్టార్ట్ హొచ్ఛే నా?"

"అవుతుంది సార్" అన్నారు మాస్టారు బెంగాలీలో, ఆయాసపడుతూ. "అవుతుంది కాబట్టే తోస్తున్నాం."

సార్జెంటు మా ముఖాల్లోకి ఒక్కొక్కరిగా చూసి, ఏమనుకున్నాడో ఏమో, ట్రామును ఆపి మరీ దారి ఇచ్చాడు.

ఆదిగంగ వంతెన ఎక్కించేసరికి నాకు బైబిల్లో ఎర్ర సముద్రం దాటిన ఘట్టం గుర్తొచ్చింది. దిగేటప్పుడు అసలు ప్రమాదం. కారు దానంతట అదే పరుగందుకుంది. జీవితంలో యంత్రం ఊరికే దొర్లుతుంటే చూసి ఎరగని పెదనాన్న చెయ్యి తాళం వైపు పోయింది.

"ఒరే తమ్ముడూ, నాన్న సెయ్యి సూడరా!" అని అక్క కేక.

నేను చూసేలోపే ఆమె కారు పక్కన పరుగెత్తి, కిటికీలోంచి చెయ్యి దూర్చి, తాళం పీక్కుంది. "నానేటీ సెయ్యలేదే, సవరిస్తన్నానంతే" అన్నాడు పెదనాన్న. గ్యారేజీ వచ్చేదాకా ఆమె పిడికిలి విప్పలేదు.

దాదా మట్టి కప్పులో టీ తాగుతున్నాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని తల ఊపాడు. కారును రేకుల కిందికి తోయించి, బానెట్ ఎత్తి, తాళం తీసుకుని తనే లోపల కూర్చున్నాడు. ఆ రకంగా పెదనాన్న మొదటిసారి తన కారు ఎదుట, తెరిచిన బానెట్ ముందు, మాతోపాటు నిలబడ్డాడు.

దాదా తాళం తిప్పాడు.

అంతటి మోత అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ వినలేదు. రేకుల కప్పు దాన్ని పట్టి మళ్లీ మా మీదకే విసిరింది. టీ కప్పు దానంతట అది గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి కింద పడింది. వీధిలో బస్సు ఆగింది. మాస్టారు టోపీ తీసేశారు. ఎవరూ చెవులు మూసుకోలేదు, అదే నాకు ఆశ్చర్యం.

పెదనాన్న అరచెయ్యి మడ్‌గార్డ్ మీద ఆనించి, తల పక్కకు వంచాడు. ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"ఇనబడతందర్రా" అన్నాడు. ఆ మోతలోనూ ఆ మాట మాకందరికీ వినపడింది. "అచ్చం నా వించిలాగే ఉంది. ఒలమ్మా, ఎన్నాళ్లకి ఇన్నానే!"

ఆయన కళ్లలో నీళ్లు నిండాయి. మోత మెల్లగా సన్నగిల్లి ఆగిపోతే, పండక్కి వచ్చిన చుట్టం వెళ్లిపోయినట్టు బానెట్ లోపలికి చూస్తూ ఉండిపోయాడు.

దాదా దిగి, మిగతా చిల్లర చప్పుళ్లకేం గానీ, అరిచేది ఫ్యాన్ బెల్టు, ఇప్పుడే మార్చేస్తానని స్పానర్ తీశాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. "ఉండనీ దాదా. రేపు దారిలో ఆగిపోదు కదా?"

"చేఁచాబే, మోర్‌బే నా" అన్నాడు దాదా. అరుస్తుంది గానీ చావదన్నమాట.

మర్నాడు ఉదయం తెల్ల చీరలో, మేలిముసుగులో అక్క ఆ కారు వెనక సీట్లో కూర్చుంది. ముందు బానెట్ ఎత్తించింది. తండ్రిని కారు ముందు నిలబెట్టి, తాళం నా చేతికిచ్చి, "కానీరా, నాన్న ఇనాలి" అంది. వాట్‌గంజ్ బాల్కనీలన్నీ నిండిపోయాయి. మోత సన్నగిల్లాక పెదనాన్న బానెట్ మూసి, స్టీరింగు ముందు కూర్చుని కూతుర్ని తన చేత్తో చర్చికి నడుపుకెళ్లాడు. మా ఇంటి పెళ్లికి వేరే బ్యాండు పెట్టలేదు.

ఇప్పుడు పెదనాన్నా లేడు, కారూ లేదు. క్రిస్మస్‌కు అందరం కలిసినప్పుడు పిల్లలు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకి, ఆ మోత చేసి చూపించమంటారు. గుర్రు దాకా నేను బాగానే లాగుతాను. కూత మొదలయ్యే చోట ఈ మధ్య దమ్ము చాలక దగ్గొస్తోంది, పిల్లలు నవ్వుతారు. అప్పుడు మోకాళ్ల నొప్పులతో కుర్చీలో ఉన్న అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, నేను వదిలేసిన చోటి నుంచి అందుకుంటుంది.