పలికేదాకా పిలిచే ఊరు

ఒమన్‌లో సమాయిల్ దాటి కొండల్లోకి వెళ్లి, ఫలజ్ పూడిక తీసే రోజున ఊరివాళ్లకు సాయపడదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫలజ్ అంటే కొండ అడుగు నుంచి ఊళ్లోకి నీళ్లు తెచ్చే సొరంగ కాలువ. నేను వెళ్లింది తొంభైల నడుమ. పుణ్యం కోసం కాదు, మా పెద్దనాయన కొడుకు రాజన్న కోసం. బడి మానేసిన నాకు పచ్చి సిమెంటు మీద తాపీ మొనతో అక్షరాలు దిద్దించింది ఆయనే. మిగతా చదువు పాత పేపర్లతో నేనే చదువుకున్నాను. ఆయన ఒమన్ వచ్చిన రెండేళ్లకు ఉత్తరాలు ఆగిపోయాయి. పారిపోయాడని కంపెనీ ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకుంది. మస్కట్‌లో ఇంకో సంసారం పెట్టాడని ఊరు చెప్పుకుంది. ఆరేళ్లు ఆ మాటలు పడింది మా వదిన. నేను వీసా తీసుకున్నదే ఆయన్ను పట్టుకుని నాలుగు తన్నడానికి.

కనిపించినవాళ్లందరినీ అన్న గురించి అడిగేవాణ్ని. అల్ ఖౌద్‌లో మా సైట్‌కు నీళ్ల ట్యాంకర్ తెచ్చే నాసర్ ఒకరోజు హిందీలో అన్నాడు, "రాజన్ అనే మీవాడి పేరు మా ఊళ్లో విన్నాను. నేనెప్పుడూ చూడలేదు. శుక్రవారం ఫలజ్ పూడిక తీస్తున్నారు, వచ్చి పెద్దాయన్ని అడుగు." కాగితాల్లేకుండా ఖర్జూరం తోటల్లో దాక్కున్నాడన్నమాట, అనుకున్నాను. రూమ్‌లో లింగం నవ్వాడు.

"వారానికి ఒక్క సెలవు. గా దినం గూడ మట్టి మోస్తనంటవు. సైట్ల మట్టి సాల్తలేదార?"

"దొరికితె అన్నను దోల్కొస్త. బియ్యం ఎక్కువెయ్యి."

"అన్నం పెడ్తవా, తన్నులు పెడ్తవా?"

"మొదలు తన్నులు."

తెల్లవారి ఐదింటికి అల్ ఖౌద్ దగ్గర పెద్దరోడ్డు మీద షేర్ టాక్సీ ఎక్కాను. అప్పట్లో రియాల్ లోపే తీసుకునేవారు. ముప్పావుగంటలో సమాయిల్. అక్కడి నుంచి నాసర్ పికప్‌లో, ఎండిన వాగు రాళ్ల మీదుగా మరో నలభై నిమిషాలు. ఊళ్లో సగం మట్టి ఇళ్లకు కప్పుల్లేవు. కుక్క మొరగలేదు. కాళ్ల కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు, కంటికి మాత్రం చుక్క కనిపించదు. ఆ చప్పుడు మనం నడిస్తే వెంట నడుస్తున్నట్టే ఉంటుంది.

సొరంగం నోటి దగ్గర పన్నెండు మంది నిలబడ్డారు. నీళ్ల వంతులు చూసే పెద్దాయనకు చూపు దాదాపు లేదు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నాడు. పలికినవాడు "హాజిర్" అని లోపలికి దిగుతున్నాడు. చివరి మనిషి పలికాక ఆయన ఇంకో పేరు పిలిచాడు.

"రాజన్ హిందీ."

హిందీ అంటే అరబ్బీలో ఇండియావాడు. ఎవరూ పలకలేదు. పెద్దాయన ఆగాడు. నన్ను చూసి ఏ చెట్టు చాటునో నక్కాడనుకున్నాను. మా సైట్‌లో పొద్దున ఫోర్‌మన్ హాజరీ పిలిచినప్పుడు రూమ్‌మేట్ నిద్రలో ఉంటే ఇంకొకడు పలుకుతాడు, లేకపోతే వాడికి ఆ రోజు కూలి పోయినట్టే. నా నోరు ఆ అలవాటులోనే లేచింది.

"హాజిర్."

దిగుతున్నవాళ్లు ఆగిపోయారు. పెద్దాయన ముఖం మెల్లగా నావైపు తిరిగింది. ఎవరని అడిగాడు. తమ్ముణ్నని నాసర్‌తో చెప్పించాను. మా అన్న ఎక్కడని అడిగాను. ఆయన చెయ్యెత్తి సొరంగంలోకి చూపించాడు.

పెద్దాయన అరబ్బీలో చెప్పింది నాసర్ ఆగి ఆగి హిందీలోకి మార్చాడు. రాజన్న కంపెనీ వదిలి ఇక్కడ పనికి కుదిరాడు. మేస్త్రీ కదా, సొరంగం గోడలకు గచ్చు చేశాడు. పూడిక తీసే రోజు, మట్టి తోడడానికి పైనుంచి సొరంగంలోకి తవ్విన బావుల్లో మూడో దాని కింద కప్పు కూలింది. మూడు రోజులు తవ్వి శవాన్ని తీసి, కొండ పక్కన పూడ్చారు. కంపెనీకి కబురు చేస్తే ఆ పేరుగలవాడు మాకు లేడన్నారట.

"లోపలికి పోతూ పలికినవాడు బయటికొచ్చాకా పలకాలి," అన్నాడు పెద్దాయన. "అతను పలకలేదు. పలికేదాకా పిలుస్తూనే ఉంటాం."

"ఇంటికి ఉత్తరం ముక్క రాయొద్దా?" అని నేను అరిచాను.

"ఏ ఊరికి రాయాలి? రాజన్, హిందీ. మాకు తెలిసింది అంతే." తర్వాత నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు పలికావు. అతని జాగా ఖాళీగా ఉంది, వెళ్లు."

లోపల నడుం లోతు చీకటి నీళ్లు, గోరువెచ్చగా. మట్టి గంపలు చేతులు మారుతున్నాయి. మూడో బావి కింద ఒక మనిషి పట్టేంత జాగా నిజంగానే వదిలేసి ఉంది. అక్కడ నిలబడ్డాను. కాసేపటికి చీకట్లోంచి నిండు గంప చేతికొచ్చింది. అందుకుని దిగువవాడికి ఇచ్చాను. ఎగువనున్న మనిషి నాలుగడుగుల అవతల నుంచి కేకేశాడు, "ఆగు భాయ్, నేనింకా పంపలేదు." ఆ గంప ఎవరిచ్చారో ఈరోజుకీ చెప్పలేను. గోడ పట్టుకున్నాను. వేళ్ల కింద గీతలు తగిలాయి. తాపీ మొనతో గీసిన అక్షరాలు. కళ్లతో పనిలేకుండా చదివాను. రాజన్న. కింద మా ఊరి పేరు.

దాక్కున్నవాడు గోడ మీద అడ్రసు రాసుకోడు. ఆరేళ్లుగా అది అక్కడే ఉంది, చదివే మనిషి లేక.

పన్నెండింటికి బయటికొచ్చాం. పెద్దాయన మళ్లీ పేర్లు పిలిచాడు. చివర "రాజన్ హిందీ" అన్నాడు. పలికితే ఇక పిలవరు. పలకకపోతే ఇంకో ఏడు ఈ కొండల్లో ఆయన పేరైనా బతుకుతుంది, ఇంటి దగ్గర వదిన బొట్టూ ఉంటుంది. అందరూ నేలచూపులు చూస్తున్నారు.

"వచ్చిండు," అన్నాను.

పెద్దాయనకు తెలుగు రాదు. అర్థం అడగకుండానే "అల్‌హందులిల్లా" అని కూర్చున్నాడు.

సాయంత్రం రూమ్‌కు వెళ్లేసరికి లింగం ముగ్గురికి వండి పెట్టాడు. నా వెనక ఎవరూ లేకపోవడం చూసి మూడో కంచం తీసి పక్కన పెట్టాడు. తన్నాలని వచ్చినవాణ్ని, ఆ రాత్రి వదినకు ఉత్తరం రాశాను. మీ పెనిమిటి ఎవరితోనూ పోలేదు అన్నది మొదటి వాక్యం. కంపెనీ మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. తమ మనిషి పేరును కంపెనీ లేదంటే, ఏమీ కానివాళ్లు ఆరేళ్లు పిలిచారు. మనిషి లెక్క ఎలా చూడాలో నాకు ఆ శుక్రవారమే తెలిసింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. జారని పాత బూట్లు వేసుకోమని ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది, దిగేముందు మీ పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా అరబ్బీలో రాయించి పిలిచేవాడి చేతికివ్వండి. ఉట్టి హిందీగా మాత్రం లోపలికి దిగకండి.