గీతల ఫ్లెక్సీలో రంగుల మొహాలు రెండు

తొర్రూరు బస్టాండు రోడ్డులో నేను బట్టలు కుట్టే షట్టరు పక్కదే రుక్మిణి ఫోటో స్టూడియో. ఆమె నోటికి జడిసి సగం ఊరు పక్క సందులోంచి పోయేది. పెళ్లి సంబంధం ఫోటో తెచ్చి కొంచెం తెల్లగా చెయ్యమని ఎవరైనా అడిగారా, ఇక అయిపోయారంతే. మీ అమ్మ కన్న రంగు మార్చడానికి నేనెవరినని గొడవకు దిగేది. ఫ్రేము కట్టేటప్పుడు మాత్రం ఎక్కడలేని ఓపిక. కంప్యూటర్లో మొహం చుట్టూ గుండ్రంగా గీత గీసి, బయటిదంతా తుడిచేసి, అంచుకు సన్నటి బంగారు రంగు వేసి, వెనక కాస్త నీడ పెట్టేది. అంతే, ఉత్త ఫోటో కాస్తా గోడకు తగిలించిన పటంలా లేచి కనిపించేది.

సకల జనుల సమ్మె రోజులవి. తెలంగాణ ఇచ్చేదాకా కదిలేది లేదని జనం నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా దగ్గర రోడ్డు మీద పెద్ద గంజులో అన్నం వండింది పక్క లంబాడీ తండా నీలి. ఆమె కొడుకు నగేష్ ఆగిపోయిన లారీ ఎక్కి జెండా ఊపాడు. రుక్మిణి ఫోటో తీసింది. అందరి మొహాలూ స్పష్టంగా పడ్డాయి.

ఇక తండా పిల్లలకు ఆ ఫోటోతో ఫ్లెక్సీ కావాలి. మా వైపు ఫ్లెక్సీ సంగతి తెలుసు కదా. పండగైనా పోరాటమైనా ప్రతి మొహానికీ గుండ్రటి ఫ్రేము, కింద పేరు ఉండాల్సిందే, లేకపోతే అలిగి మాట్లాడటం మానేస్తారు. నగేష్ అయితే తన ఫ్రేము అందరికంటే పెద్దగా ఉండాలని, కింద 'కాబోయే కండక్టర్' అని రాయాలని పట్టుబట్టాడు. ఆర్టీసీ ఉద్యోగానికి ఎంపికయ్యాడు, పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఒక్క కేసు పడితే ఆ ఉద్యోగం గంగలో కలిసినట్టే. ఆ మాట వాడి బుర్రకు తట్టనే లేదు, పిచ్చి సన్నాసి.

ఫ్రేములన్నీ కట్టి ప్రింటుకు పంపబోతుండగా కబురొచ్చింది. రోడ్డు ఆపినవాళ్లను ఫోటోల్లో గుర్తుపట్టి కేసులు పెడుతున్నారట. నీలి పొలం పని వదిలేసి ఉరుకుతూ వచ్చి కొడుకు మొహం తీసెయ్యమంది. నగేష్ వినలేదు. భయపడి దాక్కున్నాడని తండాలో నవ్వుతారన్నాడు. తల్లీకొడుకులు వాళ్ల భాషలో నా షట్టరు దాకా వినపడేలా అరుచుకున్నారు. రుక్మిణి ఇద్దరినీ కసిరి కూర్చోబెట్టింది.

ఫోటోలో రంగులన్నీ పీకేసి, అంచులు మాత్రమే మిగిల్చే ఫిల్టర్ నొక్కింది. చూస్తుండగానే లారీ, పొయ్యి, గంజు, మనుషులు అంతా ఇనుపతీగ వంచి చేసినట్టు ఉత్త గీతలయ్యారు. దాన్ని వైర్‌ఫ్రేమ్ అంటారని చెప్పింది. బంగారు ఫ్రేములు అలాగే ఉన్నాయి, లోపల మొహాలు మాత్రం గీతలు, కింద పేర్లు లేవు. తర్వాత నా కళ్లముందే అసలు ఫోటో తుడిచేసింది. నగేష్ మూతి ముడుచుకున్నా, లారీ మీదున్నది ఎవరో తండాకు తెలుసులే అని ఊరుకున్నాడు.

ఫ్లెక్సీ బస్టాండు ఎదురుగా లేచింది. మరునాడే, బందోబస్తుకు ఎక్కడినుంచో వచ్చిన ఎస్సై స్టూడియోలో దిగాడు. అసలు ఫోటో ఇమ్మన్నాడు. లేదంది. సాయంత్రానికి ఈ గీతల్లో ఉన్నవాళ్లెవరో చెప్పకపోతే కంప్యూటర్ ఎత్తుకుపోయి నీ మీదే కేసు రాస్తానన్నాడు. ఆ కంప్యూటరే ఆమెకు పొలమూ పుట్రా. రుక్మిణి కుర్చీలోంచి లేవలేదు.

"రాసుకోండ్రి సారూ. ఫోటో తీసింది నేనే, ఫ్రేము కట్టింది నేనే. నా పేరు రుక్మిణి. వాళ్ల పేర్లు మాత్రం నా నోట్లకెల్లి రావు."

సంగతి తెలిసి నీలి మధ్యాహ్నానికే వచ్చింది. కొడుకును ఇంట్లో పెట్టి బయట గొళ్లెం వేసి వచ్చిందట. ఎవరినీ అడగకుండా కెమెరా ముందున్న స్టూలు మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

"నా కొడుకు గీతలల్లనే ఉండనీ అక్కా. నన్ను రంగులల్ల పెట్టు, కింద పేరు గూడ రాయి. అన్నం వండింది నేనే గదా."

రుక్మిణి కెమెరా అందుకుంది. ఫోటో తీసి, ఫ్రేము కట్టి, పక్కనే మరో ఫ్రేములో తన ఫోటో కూడా పెట్టింది. సాయంత్రం ఎస్సై వచ్చేసరికి పాత ఫ్లెక్సీ చోట కొత్తది ఉంది. అన్ని గీతల మధ్య రంగుల మొహాలు రెండే, వాటి కింద పేర్లు. ఆయన కోపంతో ఊగిపోయాడు కానీ, చేతికి దొరికినవి ఆ రెండు పేర్లే.

కేసు ఇద్దరి మీదే పడింది. నగేష్‌కు ఉద్యోగం వచ్చింది.

వాయిదా రోజు వాళ్లకు తోడుగా నేనూ మహబూబాబాద్ బస్సెక్కాను. కండక్టరు వాడే. తల్లి సీటు దగ్గరికి వచ్చేసరికి వాడి మొహం వేలాడిపోయింది. ఎక్కడికని వినపడీ వినపడనట్టు అడిగాడు. నీలి బస్సంతా వినేలా తెలుగులోనే చెప్పింది.

"కోర్టుకు. తెలంగాణ కోసం రోడ్డు మీద అన్నం వండిననని కేసు. తల ఎందుకు దించుతవు బిడ్డా? టికెట్ కొట్టు."