రజిత ఎంచుకున్న వీరుడు

నిన్న పాత సామాన్ల దుకాణంలో చెక్క షట్టరున్న టీవీ ఒకటి కనిపించింది. మా పాప ఆ షట్టర్ జరపబోతే చప్పున చెయ్యి పట్టుకుని ఆపాను. మా బొగ్గుబాయిల ఊరు ఖనిలో, మా క్వార్టర్ల లైనులో పెరిగినవాళ్లకు ఎందుకో అర్థమవుతుంది.

గుర్తుందా, ఆదివారం పొద్దున అందరం మా ఇంట్లోనే చేరేవాళ్లం. సీరియల్ మొదలయ్యేలోపే ఎవరి పాత్ర వాళ్లు ఎంచుకోవాలి. ఒకసారి అన్నాక మార్చుకోవడానికి లేదు. నేను రాకుమారిని. పక్కింటి రజిత మాత్రం పాతాళంలోకి దిగే వీరుణ్ణి పట్టుకుంది.

"అది పోరగాండ్ల పాత్ర గదనే!" అన్నాను.

"అయితే ఏంది? మా బాపు లెక్కనే దిగుతడు, మల్ల మీదికొస్తడు."

ఒక ఆదివారం సీరియల్ మధ్యలో బొగ్గుబాయి సైరన్ మోగింది. అది షిఫ్టు మారే వేళ కాదు. అమ్మలందరూ చెప్పులైనా వేసుకోకుండా బాయి దిక్కు పరుగెత్తారు. రజిత కదల్లేదు.

"లేవే, మీ బాపు డ్యూటీల ఉన్నడు గద!" అన్నాను.

"ఆగు. ఈయన మీదికి రానీ. ఈయనొస్తే మా బాపు గూడ వస్తడు."

వీరుడు వచ్చాడు. రజిత నవ్వుకుంటూ బయటికి ఉరికింది. వాళ్ల బాపు రాలేదు.

కొన్ని వారాల తర్వాత ఆమె మళ్లీ వచ్చి తన చోటే కూర్చుంది. ఆ రోజూ వీరుడు దుమ్ము దులుపుకుంటూ పైకొచ్చాడు. మేం అలవాటుగా చప్పట్లు కొట్టాం. రజిత లేచి షట్టర్ మూసేసింది.

చెక్క వెనకాల అతని నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది.