వెనక సీటు గాలి

బండికి జానెడున్నర ఎత్తు విండ్‌షీల్డ్ బిగించి, చేజేతులా మా ఆవిడ కబుర్లు పోగొట్టుకున్నాను. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ప్రగతి నగర్‌లో పొద్దున్న ఏడింటికి బయలుదేరి ఇద్దరం ఒకే బండి మీద హైటెక్ సిటీకి వెళ్లేవాళ్లం. మా ఆఫీసులు పక్కపక్క భవనాల్లో. ఇంట్లో మాటలకు తీరికుండేది కాదు. వంట, పాప స్కూలు బస్సు, అంతా ఉరుకులు పరుగులు. బండెక్కాక ఆవిడ హెల్మెట్ నా భుజం మీదికి వంచి మొదలుపెట్టేది. మేనేజరు చాదస్తం, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు, పై ఫ్లాటు వాళ్ల గొడవ, ఒకటేమిటి, అన్నీ!

చలికాలం రాగానే, ఛాతీకి గాలి కొడుతోందని నాకు విండ్‌షీల్డ్ పిచ్చి పట్టింది. వీడియోలు చూసీ చూసీ అన్నిటికంటే పొడవైనది కొన్నాను. బిగించేటప్పుడు కూకట్‌పల్లి మెకానిక్ చెప్పనే చెప్పాడు.

"సార్, గింత పొడుగుది వద్దు. మీకైతే గాలి తగలది గానీ, అది మీ తల మీదికెల్లి పోయి ఎనక కూసున్న మేడమ్ మొహానికి కొడ్తది. జర చిన్నది ఏస్కోండ్రి."

"నాకు తెలుసులే, బిగించు" అన్నాను. పెద్ద ఇంజనీర్ని కదా!

మర్నాడు ఫ్లైఓవర్ మీద నాకు హాయిగా ఉంది. ఆవిడ వెనక నుంచి వీపు తట్టి గట్టిగా అరిచింది. "ఏవండీ, చెవుల్లో ఒకటే హోరు. మెడ పట్టేస్తోంది."

"నీకు ప్రతిదానికీ ఏదో ఒక వంక. చున్నీ గట్టిగా కట్టుకో" అన్నాను.

కట్టుకుంది. వారం తిరిగేసరికి వెనక మాటలు ఆగిపోయాయి. అలిగిందనుకున్నాను. నాలుగు రోజులు పోతే తనే దారికొస్తుందిలే అని నేనూ బిగుసుకుపోయాను. నెల తిరక్కుండా ఆవిడ ఆఫీసు క్యాబ్‌కి పేరిచ్చింది. హమ్మయ్య, గొడవ వదిలింది అనుకున్న వెధవని నేను.

మొన్న వేసవిలో బండి సర్వీసుకిస్తే, చైన్ శబ్దం ఎక్కడిదో చూద్దామని అదే మెకానిక్ తను నడుపుతూ నన్ను వెనక కూర్చోమన్నాడు. ఆ సీటు ముందుదానికంటే బెత్తెడు ఎత్తు. బండి యాభై దాటేసరికి గాలి మొహం మీద ఫెడీల్మని కొట్టింది. హెల్మెట్ అటూ ఇటూ ఊగిపోయింది. అతనేదో చెబుతున్నాడు, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఇన్నేళ్లలో నా బండి మీద నేను వెనక కూర్చున్నది అదే మొదటిసారి. దేవుడా, ఆవిడ నెల్లాళ్లు దీన్ని ఎలా భరించిందో!

అక్కడికక్కడే దాన్ని ఊడదీయించాను. ఇంటికెళ్లి ఆ మాట చెప్పి, బండి మీద రమ్మని బతిమాలాను. సరేనని మర్నాడు ఎక్కి కూర్చుంది. మెల్లగా నడిపాను. హోరు లేదు. కూకట్‌పల్లి దాటాం, ఫ్లైఓవర్ దిగాం. వెనక నుంచి ఒక్క మాట లేదు.

సిగ్నల్ దగ్గర ఉండబట్టలేక అడిగాను. "తప్పు నాదేనే. ఇంకా కోపమా? ఏదైనా చెప్పవే."

"అయ్యో, కోపమెందుకండీ?" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ. "క్యాబ్‌లో నా పక్కన కూర్చునే ఆవిడ ఉందిగా, ఏ రోజువి ఆ రోజు తనకే చెప్పేస్తుంటాను. మీదాకా రావడానికి ఇంకేం మిగలడం లేదు."