ఎన్నికలు లేని ఏడాది వచ్చిన ఎమ్మెల్యే

ముందే చెప్తున్నాను, నేను చేపపిల్లను చూసి తిమింగలమని చెప్పే మనిషిని.

మొన్న భీమవరం పక్కన మా ఇంటికి ఎమ్మెల్యేగారు పది కార్లతో వచ్చారు. ఎన్నికలకు ఇంకా మూడేళ్లుంది. ఓటు అడగని నాయకుడు గుమ్మం ఎక్కేసరికి మా ఆవిడ గుండె జారిపోయింది. కాఫీ తాగుతూ ఆయన పెరటి వెనక కాలువ అవతలికి చూశారు.

"ఆ రొయ్యల చెరువు మీదేనాండీ?"

చెరువును ఏ రోడ్డు కిందో లాగేసుకుంటారని ఆవిడ భయం. "అబ్బే, మాది కాదండీ! మా తోడికోడలు వాళ్లదండీ," అనేసింది.

"అయ్యో! మీదైతే చెరువు దాకా వెళ్లడానికి కాలువ మీద వంతెన వేయిద్దామనుకున్నానండీ," అంటూ ఆయన లేచారు.

ఆయన వెళ్లాక, "బంగారంలాంటి వంతెన పోగొట్టావు కదే!" అన్నాను.

"చెరువు మిగిలింది, సంతోషించండి."

ఇందులో నేను కల్పించింది పది కార్లే. వచ్చింది ఒక్కటి. వంతెన మాత్రం ఆయన కల్పించిందేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.