వేడెక్కని అంబాసిడర్

కోసపాళయంలో విజయరంగన్ షెడ్డుకు బోర్డు లేదు. పుదుచ్చేరిలో సగం అంబాసిడర్లు ఆయన చేతి మీదే నడిచేవి కాబట్టి బోర్డు అవసరమూ రాలేదు. ఎన్నో తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఆయనకు రాదు.

1980 జనవరిలో ఒక ఉదయం, ఒక ప్రభుత్వ ఆఫీసు కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు నూకరాజు దిగలేదు. యానాం నుంచి వచ్చి రెండేళ్ళయినా అతనిది ఇంకా టెంపరరీ ఉద్యోగమే.

"ఏంది తంబీ, బండిలోనే కాపురం పెట్టినావా?"

"ఆయ్, ముందు ఇది చూడండి అన్నయ్యా," అంటూ నూకరాజు ఒక కాగితం చాచాడు.

ఆఫీసు ఇచ్చిన మెమో అది. బండి పెట్రోలు ఖర్చు విపరీతంగా పెరిగిందట. రెండు వారాల్లో కారణం చూపకపోతే పనిలోంచి తీసేస్తారట. దొంగ అనే మాట అందులో ఎక్కడా లేదు గాని, కాగితం నిండా ఉన్నది ఆ మాటే. పెట్రోలుకు కటకటగా ఉన్న రోజులవి. ఖర్చు పెరిగితే ముందు వెతికేది డ్రైవరు ఇంటినే. అదే బండిలో ఆఫీసరు గారి పిల్లలు బడికి, భార్య బజారుకు వెళ్ళిన సంగతి ఏ మెమోలోనూ రాదు.

"నువ్వు తీసినావా?" విజయరంగన్ సూటిగా అడిగాడు.

"మా అమ్మ మీద ఒట్టండి, చుక్క కూడా తీయలేదు."

"అమ్మనెందుకు లాగతావు? బండినడుగుదాం."

మూడు రోజులు అడిగాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. ప్లగ్గులు చూశాడు. ట్యాంకు నుంచి ఇంజను దాకా పైపంతా చేత్తో తడిమాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. నాలుగో రోజు పొద్దున, బండి స్టార్టు చేసే వేళకు వెళ్ళి నూకరాజు పక్కనే కూర్చున్నాడు.

నూకరాజు, చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందించే చోకు లాగి స్టార్టు చేశాడు. బీచ్ రోడ్డు వచ్చినా దాన్ని లోపలికి తోయలేదు.

"ఇంకా చోకు మీదనే పోతా ఉండావే?"

"తోస్తే ఆగిపోద్దండి. వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లగా ఉండే ఇంజనే మంచిదని మీరే అన్నారు కదండీ. చూడండి, ముల్లు అసలు లేవదు!" వేడి చూపించే ముల్లు వైపు గర్వంగా చూపించాడు.

విజయరంగన్ మొహం మారిపోయింది. బండి ఆపించి బానెట్ ఎత్తాడు. ఇంజను నుంచి రేడియేటరుకు వెళ్ళే పై రబ్బరు పైపు పట్టుకున్నాడు. అంతసేపు నడిచిన బండిలో చెయ్యి కాలాల్సిన పైపు గోరువెచ్చగానే ఉంది. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు; కాలకుండా మిగిలిన పెట్రోలు ఆయిల్లోకి దిగుతోంది.

షెడ్డుకు తెచ్చి, ఆ పైపు ఇంజనును కలిసే చోట మూత విప్పాడు. లోపల ఖాళీ. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనీయకుండా ఆపే చిన్న వాల్వు అక్కడ ఉండాలి. దాన్ని తీసిందెవరో ఆయనకు తెలుసు. మూడు ఎండాకాలాల కిందట తన చేత్తోనే తీశాడు.

"మన ఎండకు ఇదెందుకు? చలిదేశం వాళ్ళ సామాను," అని ఎన్ని బండ్ల నుంచి పీకేశాడో లెక్కలేదు. కోసపాళయం మేస్త్రీలందరిదీ అదే పద్ధతి. ఎండాకాలంలో రేడియేటరు మరగడం లేదని ఓనర్లు మెచ్చుకునేవారు. పాత ఆఫీసరు కడలూరు, మద్రాసు టూర్లు తిరిగేవాడు కనుక నష్టం బయటపడలేదు. కొత్తాయన తిరిగేదంతా ఊళ్ళోనే. ఇంజను వేడెక్కేలోపే ఇల్లో ఆఫీసో వచ్చేసేది. బండి రోజంతా చోకు మీదే తిరిగి పెట్రోలు తాగేది. నింద మాత్రం డ్రైవరు నెత్తిన పడింది.

కొత్త వాల్వు తెప్పించి, బిగించేముందు పొయ్యి మీది నీళ్ళలో వేసి చూశాడు.

"నా రసం గిన్నెలో ఏంది వండతా ఉండావు?" భార్య మీనాంబాళ్ అరిచింది.

"నా తెలివి. ఉడికినాక నీకే మొదట వడ్డిస్తా."

నీళ్ళు కాగగానే వాల్వు నోరు తెరిచింది. బిగించాక, మర్నాడు నాలుగు వీధులు దాటేసరికి ముల్లు లేచింది. నూకరాజు చోకు లోపలికి తోసేశాడు. ఇంజను ఆగలేదు.

"వాల్వు పాడైందని చెబుదామండి. మీ పేరెందుకండీ?" అన్నాడు నూకరాజు.

"పాడైంది చూపించమంటే యాడ నుంచి తెస్తావు? అబద్ధమాడితే నిన్ను మళ్ళా దొంగంటారు. తీసింది నేను, చెప్పేదీ నేనే."

ఆఫీసరు గదిలో నిలబడి అంతా చెప్పాడు.

"ఇన్నేళ్ళ మేస్త్రీవి, ఇది తెలియదా నీకు?"

"తెలుసనుకున్నా సార్. తెలీదు."

"ఇక మా బండ్లు నీ షెడ్డుకు రావు."

ఏడాది పొడుగునా పని దొరికేది ఆ ఆఫీసు నుంచే. అయినా విజయరంగన్ పక్కనున్న నూకరాజు వైపు చెయ్యి చూపాడు. "సరి సార్. ఈ పిల్లోడి సంగతి చెప్పండి."

వారం రోజులు చూస్తామన్నారు. వారంలో పెట్రోలు వాడకం దిగింది. ఆఫీసరు ఇద్దరినీ పిలిచి, ఫైలు మీద నుంచి తల ఎత్తకుండానే, "సరే, డ్యూటీ చేసుకో," అన్నాడు. నూకరాజు రెండు చేతులూ జోడించబోయాడు. విజయరంగన్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"సార్, దొంగన్నది కాయితం మీద. కాదన్నది నోటితోనా? అదీ కాయితం మీదనే ఇవ్వండి."

"టైపిస్టుకు పని ఉంది."

"ఉండనీ సార్. మేం కాచుకుంటాం."

ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. షెడ్డులో బండ్లు ఎదురుచూస్తున్నాయి. భోజనాల గంట దాటింది.

"పోదామండీ అన్నయ్యా, ఉద్యోగం ఉంది కదండీ, చాలు," నూకరాజు గొణిగాడు.

"కూర్చో. రేపు ఇంకో ఆఫీసరు వస్తాడు. ఆయన ఫైల్లో చూసేది ఆ పాత కాయితమే."

సాయంత్రం నాలుగింటికి లోపల టైపు మిషను మోగడం మొదలైంది.