మేరీ పెళ్ళికి ఎవరు సాక్షి?

2024 వానాకాలం. మాదాపూర్‌లో మెట్రో దిగి నడిచిపోయేంత దూరంలో, ఒక అద్దాల బిల్డింగులో మా ఆఫీసు. పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ కోడింగ్ చేస్తుంటారు. మధ్యలో మేం మాత్రం చనిపోయినవాళ్ళను వెతుకుతుంటాం. "మా పూర్వీకులు ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చారట, ఏ ఊరో కనుక్కోండి" అని అమెరికా వాళ్ళు అడుగుతారు. పాత సైనిక రికార్డులు, పెన్షన్ ఫైళ్ళు తిరగేసి ఆ ఊరు పట్టుకోవడం మా పని.

ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పినప్పుడు మా నాయనమ్మ బాలమ్మ అడిగిన మొదటి మాట ఇది: "సచ్చినోళ్ళ ఊరు దొరికితే ఏం జేస్తరే?"

 దానికి జవాబు ఇప్పుడు నా దగ్గర ఉంది. అదెవరికైనా చెప్పకపోతే నేను ఆగలేను.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. మాది పాలమూరు వైపు పల్లె. నాయన సెంట్రింగ్ మేస్త్రీ. కొత్తగూడ వెనక గల్లీలో కిరాయికుంటాం. హిస్టరీ చదివితే హైటెక్ సిటీలో ఉద్యోగమేంది అని మా గల్లీ అంతా నవ్వింది. వచ్చింది చూడండి మరి!

నేను ఒంటరిగా చూసిన మొదటి కేసు కాథ్లీన్‌ది. చికాగో దగ్గర ఉంటారు. రిటైరైన స్కూల్ టీచర్, ఎనభై దాటాయి. మా వీడియో కాల్స్ పొద్దున్నే ఉండేవి, ఆమెకది రాత్రి భోజనాలయ్యాక. మొదటి రోజే కెమెరాకు ముఖం దగ్గరగా పెట్టి నన్ను చూశారు.

"ఏమనుకోకమ్మాయ్, నా చూపు తగ్గిపోతోంది. వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. మనవరాలు సెప్టెంబరులో ఐర్లండ్ తీసుకెళ్తానంటోంది. నాకు ఐర్లండ్ అక్కర్లేదు. మా మేరీ పుట్టిన ఊరు కావాలి. కళ్ళుండగా చూడాలి."

మేరీ కెల్లీ అంటే కాథ్లీన్ ముత్తాతకు అమ్మ. ఆమె భర్త ప్యాట్రిక్ 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిగా చేరి, తిరిగి రాలేదు.

ముందుగా మస్టర్ రోల్ తీశాను. అంటే దళంలో ఎవరెవరు చేరారో రాసిన హాజరు పట్టీ. పుట్టిన చోటు అన్న గడిలో ఒకే మాట ఉంది: ఐర్లండ్. పోనీ ఐర్లండ్ వైపు నుంచి వెతుకుదామంటే, అక్కడ ప్యాట్రిక్ కెల్లీలు మన దగ్గర శ్రీనివాసుల్లాగా ఊరూరా ఉన్నారు.

తర్వాత మేరీ పెన్షన్ ఫైల్ తెప్పించాం. యుద్ధంలో భర్త పోయిన ఆడమనిషికి పెన్షన్ రావాలంటే, ఆ మనిషి తన భర్తేనని రుజువు చేసుకోవాలి. మేరీ దగ్గర పెళ్ళి కాగితం లేదు. అందుకని సాక్షిగా వచ్చిన బ్రిజిట్ డోలన్ అనే ఆవిడ అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం, ఫైల్లో పెట్టారు. "మేరీ పెళ్ళి నేను చూశాను" అని అందులో ఉంది. కింద సంతకానికి బదులు ఒక ఇంటూ గుర్తు. ఎక్కడ చూసిందో మాత్రం లేదు.

మా టీమ్ లీడ్ రవికుమార్ గారు గుంటూరు మనిషి. నెమ్మదస్తుడు. స్క్రీన్ మొత్తం చదివి నిట్టూర్చారు.

"ఇంక ఇందులో ఏం లేదండి శిరీషా. సోమవారం క్లోజ్ చేసేద్దాం. ఆవిడకు జాగ్రత్తగా చెప్పండి."

"ఈ బ్రిజిట్ ఎవరో చూద్దామా సార్?"

"సాక్షులదేముందండీ, పెన్షన్ ఆఫీసు మెట్ల మీద ఎవరు దొరికితే వాళ్ళని పట్టుకొచ్చుంటారు."

నాకూ నిజమే అనిపించింది. కాథ్లీన్‌కు ఏమని చెప్పాలో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకుని, అన్నీ కొట్టేసి ఇంటికెళ్ళాను.

మర్నాడు శనివారం, మాకు సెలవు. పొద్దున లేచేసరికి నాయనమ్మ పెట్టెలోని పట్టుచీర కట్టుకుని తయారుగా ఉంది. మా పక్క గల్లీలో ఉండే యాదమ్మది మా ఊరే. ఆమె భర్త పోయాడు. పెన్షన్‌కు సాక్షి కావాలన్నారు. నేను ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని పెన్షన్ ఆఫీసుకు తీసుకెళ్ళాను. గేటు దగ్గరే ఒక బ్రోకర్ ఎదురొచ్చాడు.

"అవ్వా, సాక్షి గావాల్నా? మా పోరడున్నడు, రెండు నిమిషాల పని."

నాయనమ్మ ఆగి వాణ్ణి కిందికీ పైకీ చూసింది. "దాని మొగని మొకం సూడనోడు దానికేం సాక్షి రా? పక్కకు జరుగు."

లోపల క్లర్కు తల ఎత్తకుండానే అడిగాడు. "ఈమె నీకేమైతది?"

"ఏం గాదు సారూ. మాదొక్క ఊరు."

"పెండ్లి జూసినవా?"

"సూసుడేంది? తలంబ్రాల బియ్యం కలిపిందే నేను. ఇదేమో సిగ్గుతోని తలెత్తలే. మొగడు నల్లగున్నడా ఎర్రగున్నడా అని నన్నే అడిగింది."

"గిప్పుడు గదంత ఎందుకే సారుకు!" అని యాదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భర్త పోయాక ఆమె నవ్వడం నేను మొదటిసారి చూశాను.

క్లర్కు కూడా నవ్వాడు. "సరే, నీదే ఊరో జెప్పు, రాస్కుంట."

నాయనమ్మ ఊరు చెప్పింది. మండలం చెప్పింది. ఆ ఊర్లో పెళ్ళి ఏ గుడి ముందర జరిగిందో కూడా చెప్పింది. బయటికొచ్చాక, ఏదో మామూలు సంగతిలా నాతో అంది: "మీ తాత పోయినప్పుడు నాకు ఇదే వచ్చి సాక్షి జెప్పింది. గిప్పుడు నేను దీనికి."

నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. బ్రిజిట్ వచ్చి మేరీకి సాక్ష్యం చెప్పింది. మరి బ్రిజిట్‌కు ఎవరు చెప్పి ఉంటారు?

సోమవారం రవికుమార్ గారు కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాను. పరాయి దేశంలో ఐర్లండ్ వాళ్ళు కూడా మాలాగే ఊరోళ్ళ పక్కన ఊరోళ్ళు ఉండి ఉంటారని, మా నాయన దగ్గర పనికి అంతా ఒక్క పల్లె వాళ్ళే వచ్చినట్టు దళంలో కూడా జట్టుగా చేరి ఉంటారని, బ్రిజిట్ భర్త కూడా సిపాయే కావచ్చని ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

ఆయన మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపారు. "తాగండి ముందు. మస్టర్ రోల్‌లో డోలన్ ఉన్నాడా?"

ఉన్నాడు! ప్యాట్రిక్ ఉన్న దళంలోనే, అదే రోజు చేరిన థామస్ డోలన్. అతని భార్య బ్రిజిట్ పేరు మీద వేరే పెన్షన్ ఫైల్ ఉందని ఇండెక్స్ చూపించింది.  అమెరికాలో మాకు ఫైళ్ళు ఫోటో తీసి పంపే రీసెర్చర్‌కు రవికుమార్ గారే మెయిల్ కొట్టారు.

ఫైల్ రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోపు కాథ్లీన్ ఒకసారి కాల్‌లో "టికెట్లు మార్చుకోమంటావా?" అని మెల్లగా అడిగారు. "వద్దు" అనేశాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

ఫైల్ వచ్చింది. బ్రిజిట్ పెళ్ళి మీద అధికారులకు అనుమానం వచ్చిందట. ఒక విచారణాధికారిని సాక్షి ఇంటికి పంపారు. ఆయన సాక్షిని కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడిగి అన్నీ రాసుకున్నాడు. ఆ సాక్షి పేరు మేరీ కెల్లీ. ఊరి గురించి తన ఫైల్లో ఒక్క ముక్క లేని మనిషి స్నేహితురాలి కోసం ఎంత మాట్లాడిందో! మేమిద్దరం ఒకే పేరిష్‌లో పుట్టాం, నా పెళ్ళయిన చాపెల్‌లోనే, అంటే ఆ చిన్న చర్చిలోనే, ఆమె పెళ్ళీ అయింది, అంటూ ఐర్లండ్‌లో మేయో అనే కౌంటీలోని ఆ పేరిష్ పేరు చెప్పింది. పేరిష్ అంటే ఒక చర్చి కిందుండే ఊళ్ళ గుంపు.

అంతటితో నమ్మేయకూడదు. ఆ పేరిష్ పెళ్ళిళ్ళ రిజిస్టర్ స్కాన్లు తెరిచి, మసక అక్షరాల వెంట వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. ప్యాట్రిక్ కెల్లీ. పక్కనే మేరీ, ఆమె ఊరి పేరు. ఆ పక్కన సాక్షుల గడిలో బ్రిజిట్, తన పెన్షన్ ఫైల్లో రాసిన పుట్టింటి ఇంటిపేరుతోనే.

నేను అరిచిన అరుపుకు కింది అంతస్తు కోడింగ్ వాళ్ళు ఏమైందోనని పైకొచ్చారు. రవికుమార్ గారు రిజిస్టర్‌ను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను క్లోజ్ చేసేద్దామన్నానండీ దీన్ని!" అని అందరికీ వినపడేలా నవ్వి, టీమ్ మొత్తానికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు.

మర్నాడు పొద్దున కాల్‌లో కాథ్లీన్‌కు ఊరి పేరు చెప్పాను. ఆమె తల వంచి చెవిని స్క్రీన్ దగ్గరకు తెచ్చారు. 

"ఇంకోసారి చెప్పు. మెల్లగా."

చెప్పాను. ఆమె నా వెంట పలికారు, పిల్లలకు పాఠం చెప్పే టీచర్ తనే పాఠం నేర్చుకుంటున్నట్టు.

సెప్టెంబరు చివర ఫోటో వచ్చింది. చిన్న రాతి చాపెల్, గుమ్మం ముందు కాథ్లీన్. కింద ఆమె రాసింది ఇదీ: "గడ్డి ఎంత పచ్చగా ఉందో నాకు కనపడింది."

ఫోన్ తీసుకెళ్ళి నాయనమ్మకు చూపించాను. సచ్చినోళ్ళ ఊరు దొరికితే ఏం చేస్తారో ఇదిగో చూడు అన్నాను. ఆమె ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది. మరి సాక్షి జెప్పిన దాని మన్మలు, మన్మరాండ్లు ఏడున్నరు? ఆళ్ళకు జెప్పిన్రా?"

చెప్పలేదు. ఎవరికీ తట్టనే లేదు. అదే మాట కాథ్లీన్‌కు రాస్తే, ఆమె మర్నాడే బ్రిజిట్ వంశాన్ని వెతకమని కొత్త కేసు ఇచ్చారు. దొరికారు కూడా, చికాగోలోనే. ఇప్పుడు రెండు కుటుంబాల వాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తున్న ఫోటో నా డెస్కు మీద ఉంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఒక మనిషి కాగితాలు మూగబోతే, ఆమె పక్కన నిలబడ్డ మనిషి కాగితాలు తెరుస్తాను. కొత్తగా చేరినవాళ్ళు "మొదట ఏం వెతకాలక్కా?" అని అడిగితే, పూర్వీకుల పేరు రాసుకోమని, దాని పక్కన సాక్షి కోసం ఒక గడి ఖాళీగా ఉంచమని చెబుతాను.

ఆ గడి బ్రిజిట్‌ది. యాదమ్మది. మా నాయనమ్మది.